రాష్ట్రం దాటే సరకు: పన్ను నష్టం ఎవరి నెత్తిన?

2014 జూన్ 2కు ముందు విజయవాడ నుంచి హైదరాబాదుకు పోయే సరకు ఒకే రాష్ట్రంలోని అమ్మకం. ఆ రోజున తెలంగాణ ఏర్పడడంతో లారీ, దారి, ఖాతాదారు మారకున్నా బేరం అంతర్రాష్ట్ర అమ్మకమైంది. జగ్గయ్యపేట దాటిన సరకుకు రాష్ట్ర వ్యాట్ బదులు 1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం వర్తించింది.

తేడా ఎంతో లెక్క చూస్తే తెలుస్తుంది. 5 శాతం వ్యాట్ గల సరకును లక్ష రూపాయలకు అమ్మితే, పూర్వం హైదరాబాదు వర్తకుడు చెల్లించిన 5,000 రూపాయలు తర్వాత అతడు కట్టవలసిన పన్నులో జమ అయ్యేవి. విభజన తర్వాత సి-ఫారంపై పడినది 2 శాతమే. కాని ఆ 2,000 రూపాయలకు జమ లేదు. అది సరకు ఖరీదులో కలిసిపోయింది. కొద్దిపాటి లాభం మీద నడిచే టోకు బేరానికి ఇది చిన్న భారం కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు సి-ఫారంతోనే వచ్చింది. దానిని కొనుగోలుదారు తన రాష్ట్రపు పన్ను కార్యాలయం నుంచి తెచ్చి ఇవ్వాలి. త్రైమాసికం ముగిశాక మూడు నెలల్లో అది దాఖలు కాకుంటే పూర్తి రేటు చెల్లించవలసినది అమ్మినవారే. లక్షకు మరో 3,000 రూపాయలన్నమాట. సొమ్ము ముట్టినా బేరం ముగియనట్లే. ఫారం అందేవరకు ఆ తేడాను డిపాజిట్టుగా ఉంచుకొన్న వర్తకునికే రక్షణ. సరకును సొంత బ్రాంచికి పంపినా ఎఫ్-ఫారం చూపక తప్పేది కాదు.

2017 జూలై 1న జి.ఎస్.టి. రాకతో సి-ఫారం పెట్రోలు, డీజిల్ వంటి కొద్ది సరకులకే మిగిలింది. మిగతా సరకులపై చెల్లించే ఐ.జి.ఎస్.టి. కొన్నవారికి జమ అవుతుంది. అయితే నష్టభయం పోలేదు, చేతులు మారింది. 2022 జనవరి 1 నుంచి అమ్మినవారు తమ రిటర్నులో బిల్లు చూపితేనే కొన్నవారికి జమ. నాడు అమ్మకందారు కొనుగోలుదారు ఫారం కోసం ఎదురుచూస్తే, నేడు కొనుగోలుదారు అమ్మకందారు రిటర్ను కోసం ఎదురుచూడవలసి వస్తున్నది.

దేశాల మధ్యనూ ఇదే తీరు. 2020 జనవరి 31న బ్రిటన్ ఐరోపా యూనియన్ నుంచి వైదొలగింది. తర్వాతి ఒప్పందం ప్రకారం 2021 నుంచి సుంకాలు లేకున్నా, కస్టమ్స్ డిక్లరేషను, సరకు ఏ దేశానిదో తెలిపే రుజువు అవసరమయ్యాయి.

కనుక వర్తకులు, బ్రోకర్లు బేరం కుదిరేటప్పుడే పన్ను భారం ఎవరిదో కాగితం మీద రాసుకోవడం మేలు. పన్ను గల సరకు విలువ 50,000 రూపాయలు మించి రాష్ట్రం దాటితే ఇ-వే బిల్లు ఉండాలి. ఐ.జి.ఎస్.టి. వేయవలసిన బిల్లులో స్థానిక పన్ను వేస్తే సరైన పన్ను మళ్లీ కట్టి, మొదటి సొమ్ము వాపసుకు దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త ఖాతా అయితే, అవతలివారి రిటర్నులో బిల్లు కనిపించేవరకు పన్ను మొత్తాన్ని నిలిపి ఉంచేలా ముందే ఒప్పుకోవడం క్షేమం.