పరగడుపు చక్కెరయు, రాత్రి లంఖణమును

పరగడుపు రక్తపరీక్షలో చక్కెర 160 చూపినంతనే, దానికి రాత్రి భోజనమే కారణమని నిశ్చయించుకొని, అన్నము మాని, మాత్రను మాత్రము యథావిధిగా మ్రింగి పరుండువారు మనలో తక్కువ లేరు. లంఖణము పరమౌషధమను సామెతను పట్టుకొని ఇరుగుపొరుగువారు చేయు ఈ బోధ వట్టి అజ్ఞానమైనచో ఉపేక్షింపవచ్చును; కాని గ్లిబెన్‌క్లమైడు, గ్లిమెపిరైడు వంటి మాత్రలు గాని ఇన్సులిను గాని వాడువారికి ఇది నడిరేయి చెమటలు పట్టించి, పీడకలలు రప్పించి, ఒక్కొక్కప్పుడు స్పృహయే తప్పించును. కడుపులో అన్నమున్నదో లేదో విచారింపకయే ఆ మాత్ర క్లోమముచేత ఇన్సులినును స్రవింపజేయుచుండును.

“ఏమియు తినలేదే, చక్కెర యెక్కడిది?” అని అడుగుదురు. కాలేయముది. దానికి ఏకాదశి తెలియదు. దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును కోరు మెదడు మనము నిద్రించినను తన గ్రాసమును మానుకొనదు గనుక, కాలేయము తాను దాచిన గ్లైకోజెనును కరగించియు, క్రొత్తగా గ్లూకోజును నిర్మించియు రాత్రియెల్ల రక్తమున కందించుచుండును. నిద్రలో వెలువడిన గ్రోత్ హార్మోను ప్రభావమును, తెల్లవారుజామున హెచ్చు కార్టిసాలును ఈ ఉత్పత్తిని పెంచి, ఇన్సులిను పట్టును సడలించును. ఆరోగ్యవంతుని క్లోమము మరికొంత ఇన్సులిను విడిచి సరిపెట్టుకొనును. మధుమేహికి ఆ శక్తి చాలదు. వైద్యులు డాన్ ఫినామినన్ అనునది ఇదియే.

రాత్రి పడిపోయిన చక్కెరయే ఉదయమున ఎగసిపడునని 1930 దశకమున మైకేల్ సొమోజీ చేసిన ప్రతిపాదన అందరికిని వర్తించునట్లు చెప్పుదురు గాని, నిరంతర పరీక్షాయంత్రములు వచ్చిన పిదప అది అరుదని తేలినది.

ఒక్కటి మాత్రము, మనసొప్పకున్నను, ఒప్పుకొనవలెను. రాత్రి పది దాటిన పిదప కంచము నిండ అన్నము తిని వెంటనే మేను వాల్చువాని ఉదయపు చక్కెరలో ఆ భోజనము పాలు నిక్కముగా కలదు. అట్టివాడు పెందలకడ, మితముగా తినవలెను గాని పస్తుండరాదు.

నాలుగైదు రాత్రులు పరుండుటకు ముందును, మూడు గంటలకును, లేచిన వెంటనే మరియొకమారును చక్కెర చూచుకొని వ్రాసిపెట్టుకొనుడు. మొదటి అంకెయే హెచ్చైనచో భోజనమునో మందునో సవరింపవలసి యుండును. మూడింటికి సరిగానుండి ఉదయమున పెరిగినచో కాలేయపు పని. మూడింటికి 70కి దిగినచో తక్షణమే 15 గ్రాముల గ్లూకోజు, అనగా సుమారు మూడు చెంచాలు, నీటిలో కలిపి త్రాగి, పావుగంటకు మరల చూచుకొనవలెను. మాత్ర మోతాదును స్వయముగా మార్చక, ఆ అంకెలను వైద్యునకు చూపుడు. ఏ కారణముచేతనైనను రాత్రి భోజనము తప్పినచో ఆ పూట మాత్ర వేసికొనవలెనో మానవలెనో ఆయననే ముందుగా అడిగి తెలిసికొనుడు.