నోటికి రుచి, ఊపిరికి చేటు

ఈ-సిగరెట్‌లో పొగాకు కాలదు. బ్యాటరీతో వేడెక్కే సన్నని తీగచుట్ట ఒక ద్రవాన్ని ఆవిరిగా మారుస్తుంది. ఆ ఆవిరిని పీల్చడాన్నే వేపింగ్ అంటారు. ఆ ద్రవంలో ముఖ్యంగా ఉండేవి నాలుగు: ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి కోసం ఫ్లేవర్. అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో ఖర్చు తగ్గుతుందని, కోరిన రుచి వస్తుందని కొందరు ఈ ద్రవాన్ని ఇంట్లోనే కలుపుకుంటారు.

మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, అమ్మకానికి నిల్వ ఉంచడం 2019 చట్టం ప్రకారం నేరం. అయినా అవి చాటుగా చేతులు మారుతూనే ఉన్నాయి. చదువులకు, ఉద్యోగాలకు విదేశాలకు వెళ్ళిన మన పిల్లలకు అక్కడి దుకాణాలలోనే కనిపిస్తాయి. అందుచేత ఈ విషయం తల్లిదండ్రులకూ, యువతకూ తెలియాలి.

"ఫ్లేవర్ అంటే కేకుల్లో, ఐస్‌క్రీముల్లో వేసేదే కదా! దానివల్ల ప్రమాదమేముంది?" అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

నోరు నిండిన రుచి ఎలా వస్తుంది?

పలుచని మజ్జిగకూ, గడ్డపెరుగుకూ నోటికి తెలిసే తేడా మనందరికీ అనుభవమే. ఆవిరి పీల్చేవారు కూడా అలాంటి చిక్కదనాన్నే కోరుకుంటారు. గ్లిజరిన్ పాలు పెంచితే ఆవిరి దట్టంగా వస్తుంది. అది చాలకపోతే వెనిలా కస్టర్డ్, క్రీమ్, బటర్‌స్కాచ్ వంటి గాఢమైన ఫ్లేవర్లు కలుపుతారు. తీపి కోసం ఇథైల్ మాల్టాల్, సుక్రలోజ్ వేస్తారు.

వెన్న వాసనకు, మీగడ కమ్మదనానికి ముఖ్య కారణమైన పదార్థాలలో ఒకటి డైఎసిటైల్. ఇది వెన్నలో సహజంగానే కొద్దిగా ఉంటుంది. తింటే హాని లేదు. కష్టమంతా దాన్ని పీల్చినప్పుడే.

పాప్‌కార్న్ కార్మికులకు ఏమైంది?

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని జాస్పర్ అనే ఊరిలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారుచేసే కర్మాగారం ఉండేది. అక్కడ పనిచేసి మానిన ఎనిమిదిమందికి తీవ్రమైన శ్వాసకోశ వ్యాధి ఉన్నట్లు 2000లో ఒక వైద్యుడు ప్రభుత్వానికి తెలియజేశారు. వేడి నూనెలో వెన్న ఫ్లేవర్ కలిపేచోట లేచే ఆవిరిని పీల్చడమే కారణమని విచారణలో తేలింది. ఆ ఫ్లేవర్‌లో డైఎసిటైల్ ఉంది.

ఈ వ్యాధిలో అతి సన్నని శ్వాసనాళాలు లోపల మచ్చకట్టి ఇరుకైపోతాయి. వైద్యులు దీన్ని బ్రాంకియోలైటిస్ ఆబ్లిటెరాన్స్ అంటారు. మూసుకుపోయిన నాళాలను తిరిగి తెరిచే మందు లేదు. ఆ కార్మికులలో కొందరిని ఊపిరితిత్తుల మార్పిడి కోసం వేచివుండేవారి జాబితాలో చేర్చవలసి వచ్చింది.

2015లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 51 రకాల ఈ-సిగరెట్ ఫ్లేవర్లను పరీక్షించగా 39 రకాలలో డైఎసిటైల్ కనిపించింది. ఈ-సిగరెట్ వాడేవారికి ఆ కార్మికుల జబ్బే వస్తుందని ఇంకా రుజువు కాలేదు. మామూలు సిగరెట్ పొగలోనూ డైఎసిటైల్ ఉంటుంది. అయితే ఊపిరికి హాని చేస్తుందని తెలిసిన పదార్థాన్ని రుచి కోసం రోజుకు వందసార్లు పీల్చడం తెలివైన పని కాదు. బ్రిటన్‌లో 2016 నుండి ఈ ద్రవాలలో డైఎసిటైల్ వాడకాన్ని నిషేధించారు.

కొన్ని సీసాల మీద "డైఎసిటైల్ లేదు" అని రాసి ఉంటుంది. దాని బదులు వాడే ఎసిటైల్ ప్రొపియోనిల్ కూడా ఎలుకల శ్వాసనాళాలను దెబ్బతీసినట్లు పరీక్షలలో తేలింది.

కడుపు వేరు, ఊపిరితిత్తి వేరు

మనం తిన్నది కడుపులో అరిగి, పేగుల ద్వారా కాలేయానికి చేరుతుంది. అక్కడ ఎన్నో హానికర పదార్థాలు విరిగిపోతాయి. ఊపిరితిత్తులకు అలాంటి వడపోత లేదు. లోపలి గాలి తిత్తుల గోడ ఎంతో పలుచన. పీల్చినది నేరుగా దాన్ని తాకుతుంది. ఆహారంలో వాడవచ్చని ఇచ్చే అనుమతి మింగడానికే గాని పీల్చడానికి కాదు.

వేడి మరొక సమస్య. వేడెక్కిన గ్లిజరిన్ నుండి అక్రోలిన్ అనే ఘాటైన విషవాయువు, ప్రొపైలిన్ గ్లైకాల్ నుండి ఫార్మాల్డిహైడ్ పుట్టవచ్చు. దాల్చినచెక్క ఫ్లేవర్‌లోని సిన్నమాల్డిహైడ్, కఫాన్ని పైకి నెట్టే శైలికలనే సూక్ష్మమైన వెంట్రుకల కదలికను మందగింపజేస్తుందని ప్రయోగశాలలో గమనించారు. నూనెలో కలిపిన ఫ్లేవర్ ఇంకా ప్రమాదకరం. ఊపిరితిత్తిలో చేరిన నూనె ఒక రకం న్యుమోనియాను కలిగించగలదు.

2019లో అమెరికాలో జరిగినది దీనికి గట్టి ఉదాహరణ. వేపింగ్ చేసేవారు ఉన్నట్టుండి ఆయాసంతో ఆసుపత్రులలో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి అలాంటి కేసులు 2,807 నమోదయ్యాయి. 68 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది గంజాయి సారమున్న ద్రవాలు పీల్చినవారు. ఆ ద్రవాలను చిక్కగా చేయడానికి కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ ముఖ్య కారణమని తేలింది. మాత్రలలో, చర్మానికి రాసే క్రీములలో సాధారణంగా చెడు చేయని పదార్థమే అది!

ఇంట్లో కలిపేటప్పుడు

గాఢమైన నికోటిన్ ద్రవం విషం. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. చేతిమీద ఒలికితే వెంటనే సబ్బు, నీళ్ళతో బాగా కడగాలి. పండ్ల వాసన వచ్చే రంగు సీసాలను చిన్నపిల్లలు తాగే పానీయమనుకుంటారు. పొరపాటున మింగితే వాంతి చేయించకండి. సీసాను వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి రండి.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

వేపింగ్ అలవాటున్నవారికి ఈ లక్షణాలలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు:

• తగ్గని పొడి దగ్గు, పిల్లికూతలు
• మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం
• ఛాతీలో నొప్పి
• జ్వరం, వాంతులతో పాటు ఊపిరి ఆడకపోవడం

డాక్టరు దగ్గర అలవాటును దాచకండి. ఏమి పీల్చారో, అందులో ఏమేమి కలిపారో చెబితేనే సరైన చికిత్స త్వరగా మొదలవుతుంది. తల్లిదండ్రులు కూడా కోపగించుకోవడానికి ముందు పిల్లల మాట వినాలి. భయపడిన పిల్లవాడు నిజం చెప్పడు.

మానాలనుకునేవారికి సహాయం ఉంది. నికోటిన్ చూయింగ్ గమ్, అతికించుకునే ప్యాచ్‌లు డాక్టరు సలహాతో వాడవచ్చు. 1800-11-2356 అనే ఉచిత జాతీయ నంబరుకు ఫోన్ చేస్తే పొగాకు అలవాటు మానడానికి సలహా ఇస్తారు.

గుర్తుంచుకోండి: సీసా మీద "ఆహారానికి తగినది" అని రాసి ఉంటే, అది తినడానికి తగినదని మాత్రమే అర్థం. వెన్న, మీగడ, వెనిలా రుచులు కంచంలో ఉండవలసినవి. ఊపిరితిత్తులకు కావలసింది మంచి గాలి ఒక్కటే.