కొత్త గది: కర్రతోనా, సిమెంటు దిమ్మలతోనా?

పంట బాగుగా చేతికి వచ్చిన యేడు రైతు తన ఇంటికి ఒక గదిని చేర్చదలచును. ధాన్యము నిలువ చేయుటకో, పెండ్లియైన కుమారుని కాపురమునకో ఆ గది అవసరమగును. వడ్రంగి కర్రకట్టు మేలనును. తాపీ మేస్త్రి సిమెంటు దిమ్మలు మేలనును. ఇరువురి మాటయు వినదగినదే. కాని నిర్ణయింపవలసినది ఇంటి క్రింది నేలయు, గదికి గల అవసరమును.

నేల స్వభావము

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతములలో పెక్కు గ్రామములు నల్లరేగడిపై నున్నవి. ఈ నేల వానకు ఉబ్బును. ఎండకు కుదించుకొని నెర్రెలు విచ్చును. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు గల గదిని పాత గోడకు చేర్చి కట్టినచో, మిగిలిన మూడు గోడలకు తలుపు, కిటికీలు పోగా, 16 అంగుళముల పొడవు, 8 అంగుళముల ఎత్తు గల బోలు దిమ్మలు సుమారు 290 పట్టును. దిమ్మ 17 కిలోలని లెక్కవేసినను గోడల బరువే సుమారు 5 టన్నులగును.

పాత ఇల్లు ఏండ్ల తరబడి నేలలో కుదురుకొని యుండును. కొత్త గోడ ఇంకను కుదురుకొనవలసి యుండును. రెండింటిని గట్టిగా కలిపి కట్టినచో ఆ కూడలిలోనే బీట పుట్టును. కావున రేగడిలో దిమ్మల గోడకు పునాదిని నెర్రెల లోతు దాటించి, దానిపై ఇనుప కడ్డీలతో కాంక్రీటు బెల్టు పోయవలెను. పాత, కొత్త గోడల నడుమ అర అంగుళము ఎడము విడిచి, తారు పట్టించిన నారతో నింపి, వాన దిగకుండ రేకు కప్పవలెను. ఇంత ఖర్చు భరింపలేనివారికి కర్రకట్టే మేలు. అది తేలిక; నేల కొంత కదలినను కీళ్లు ఓర్చుకొనును.

కర్రకు శత్రువులు

చెద, తడి, నిప్పు కర్రకు శత్రువులు. పచ్చికర్ర వాడరాదు, ఆరినకొలది మెలితిరిగి కీళ్లు వదులగును. టేకు, నల్లమద్ది, బాగుగా ముదిరిన తాటి మేలైనవి. సరుగుడు చౌకయైనను మట్టిలో పాతినచో త్వరగా చెడును. ఏ కర్రయైనను రాటను నేలకు అడుగు ఎత్తున రాతిపై నిలిపి, ఇనుప పట్టీతో బిగింపవలెను. చెద రాతిపై మట్టిదారి వేసిన యెడల కంటబడును; వెంటనే గీకి మందు వేయవచ్చును.

సముద్రతీరమున గాలి ముఖ్యము. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో మట్టి ఇండ్లు, తాటాకు ఇండ్లు ఎన్నియో కొట్టుకొనిపోయినవి. అచ్చట కర్రకట్టు వేయువారు పునాదిని రాటకు, రాటను దూలమునకు, దూలమును వాసములకు ఇనుప పట్టీలతో బిగింపవలెను. దిమ్మల గోడపై కప్పునకును ఇదే నియమము.

ధాన్యపు గది

ధాన్యమునకైన గదికి దిమ్మల గోడయే తగును. తడికను, పలకను ఎలుక కొరుకును, దిమ్మను కొరుకలేదు. మొదటి వరుస దిమ్మల బోలును కాంక్రీటుతో నింపినచో ఎలుకకు చోటుండదు. నేల తేమ పైకెక్కకుండ పునాదిపై ఒకటిన్నర అంగుళముల కాంక్రీటు పొర వేయవలెను. బస్తాలను చెక్కబల్లలపై, గోడకు ఒకటిన్నర అడుగుల ఎడముగా పేర్చవలెను.

ఇటుకను నానబెట్టి కట్టుదుము. సిమెంటు దిమ్మను నానబెట్టరాదు. నానిన దిమ్మ ఆరునప్పుడు కుదించుకొని గోడలో పగుళ్లు తెచ్చును. అచ్చు వేసి 14 దినములు తడిపి, పిమ్మట ఆరబెట్టి, మొత్తము 28 దినములు గడచిన దిమ్మలనే కొనవలెను. మాలు ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక చాలును.

రైతు సోదరులారా, మేస్త్రిని పిలుచుటకు ముందు, నడివేసవిలో పెరటిలో ఒక గొయ్యి త్రవ్వి, నెర్రె ఎంత లోతు దిగినదో కొలువుడు. ఒక పూట శ్రమతో, ఒక పంట సొమ్ము గోడ బీటల పాలు కాకుండ కాపాడుకొనవచ్చును.