మస్టర్‌లో ఓ పేరు, ఇంట్లో ఓ పేరు

ఇల్లందు దగ్గర నేల కింద బొగ్గు ఉందని 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ కనిపెట్టాడు. ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1886లో తవ్వకం హక్కులు దక్కించుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. ఆ కంపెనీ ఆస్తులు, అప్పులు 1920లో సింగరేణి కాలరీస్ చేతికి వచ్చాయి. ఇల్లందు పక్కనున్న చిన్న ఊరు సింగరేణి పేరే కంపెనీ పేరైంది. చుట్టుపక్కల జనానికి మాత్రం ఇల్లందు నేటికీ బొగ్గుట్టే. గనులు అక్కడి నుంచి బెల్లంపల్లికి, కొత్తగూడేనికి, 1960ల్లో గోదావరిఖనికి, తర్వాత భూపాలపల్లికి పాకాయి. వాటి వెంటే కార్మిక కుటుంబాలూ కదిలాయి. తాత బెల్లంపల్లిలో బొగ్గు ఎత్తితే తండ్రి గోదావరిఖనిలో డ్యూటీ ఎక్కాడు. మనవడు భూపాలపల్లికి బదిలీ అయ్యాడు. ఇలాంటి ఇళ్లు కోల్‌బెల్ట్‌లో వీధివీధినా ఉన్నాయి.

మొదటి తరంలో గని దిగినవాళ్లలో ఎక్కువమంది కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్, ఖమ్మం పల్లెల నుంచి వచ్చిన దళిత, బీసీ కులాలవాళ్లు. సెంటు భూమి లేనివాళ్లు, కరువుకు తట్టుకోలేనివాళ్లు, దొరల వెట్టి నుంచి పారిపోయినవాళ్లు. చీకట్లో పని అంటే ఊళ్లో జనం భయపడేవాళ్లు. పిల్లనివ్వడానికీ వెనకాడేవాళ్లు. అయినా వచ్చారు. దొర దగ్గర లేనిదొకటి గనిలో ఉంది. చేసిన పనికి లెక్క ఉంది, ఆ లెక్కకు జీతం ఉంది.

ఆ తరం చేసిన పని కోల్ ఫిల్లర్ పని. బొగ్గు గోడకు డ్రిల్లుతో రంధ్రాలు వేసి, మందు దట్టించి, షాట్‌ఫైరర్ పేల్చేవాడు. పొగ తగ్గాక సర్దార్ ముందుకెళ్లి చేతికర్రతో పైకప్పును తట్టి చూసేవాడు. గట్టిగా ఖంగుమంటే పని సాగొచ్చు. బోలుగా మోగితే ఆ రాయి పొర విడిపోయిందని అర్థం, దాని కింద ఎవరూ నిలబడకూడదు. ఆ తర్వాతే ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌తో (బుట్ట, పారతో) దిగేవాళ్లు. రాలిన బొగ్గును తట్టకెత్తి, నెత్తిన మోసి టబ్బులో పోసేవాళ్లు. ఎన్ని టబ్బులు నిండితే అంత కూలి. ఉక్కపోత, మోకాళ్లలోతు నీళ్లు, ముక్కులో మసి, పైనుంచి ఎప్పుడు ఏ పెళ్ల రాలుతుందో తెలియని స్థితి. గని మోరి ముందు మైసమ్మకు దండం పెట్టనిదే దిగేవాళ్లు కారు. 2003 జూన్‌లో గోదావరిఖని ఏడో ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. సింగరేణిలో ఏ కుటుంబ చరిత్రనూ ప్రమాదాల ప్రస్తావన లేకుండా రాయలేం.

ఈ చరిత్రకు ఆధారం ఎక్కువగా కంపెనీ కాగితాలే. పొలం పట్టా లేని ఇంటికి సర్వీసు రికార్డే పట్టా. పుట్టిన తేదీ, భార్య పేరు, పిల్లల పేర్లు, పీఎఫ్ నంబరు, అన్నీ అందులోనే ఉంటాయి. చిక్కు కూడా అక్కడే మొదలైంది. బదిలీ ఫిల్లర్‌గా (పర్మినెంటు కాని ఫిల్లర్‌గా) పిలుపు వచ్చినవాడు భయపడి రాకపోతే, ఆ పేరు మీద తమ్ముడో బావమరిదో చేరిపోయేవాడు. ముప్పై ఏళ్లు ఆ పేరుకే మస్టరు పడింది, జీతం ఆ పేరుకే వచ్చింది. ఇంట్లో, రేషన్ కార్డులో, పిల్లల బడి సర్టిఫికెట్లలో మాత్రం అసలు పేరే నడిచింది. కొడుకు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన రోజున, కాగితాల ప్రకారం ఆ తండ్రికి ఇతను కొడుకు కాడు. దీన్నే కోల్‌బెల్ట్‌లో మారుపేర్ల సమస్య అంటారు. యూనియన్లు ఏళ్లుగా అడుగుతున్న డిమాండ్లలో ఇదొకటి. ఊపిరితిత్తుల నిండా బొగ్గు మసి నింపుకున్న మనిషిని నువ్వు నువ్వు కాదనడం కన్నా పెద్ద అన్యాయం ఉండదు.

రెండో తరం జీవితం కొంత కుదుటపడింది. క్వార్టరు, కరెంటు, కంపెనీ ఆస్పత్రి, దసరాకు ముందు లాభాల వాటా వచ్చాయి. తండ్రి పోయినా, ఒళ్లు సహకరించక మెడికల్ అన్‌ఫిట్ అయినా కొడుక్కి ఉద్యోగం దక్కేది. దాని మీదే పెళ్లిళ్లు కుదిరాయి, దాని కోసమే అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. గనిలో భర్త పోయిన ఆడవాళ్లకు ఉపరితలంలో పని దొరికేది. 1952 గనుల చట్టం వాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. ఆ నిషేధం 2019లో సడలింది.

మూడో తరం వచ్చేసరికి గనే మారిపోయింది. తట్టల స్థానంలో బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. భూగర్భ గనులు మూతపడుతుంటే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలు. ఏటా 7 కోట్ల టన్నుల దాకా తీస్తున్న బొగ్గులో భూగర్భ గనుల వాటా పదో వంతు కూడా లేదు. అదే ఇళ్ల పిల్లలు చాలామంది ఇవాళ కాంట్రాక్టు కార్మికులు. ఓపెన్‌కాస్టు మట్టికుప్పల పక్కనున్న ఊళ్లది మరో కథ. తాతలు గని కోసం ఊరొదిలి వస్తే, మనవల కాలంలో గనే వచ్చి ఊళ్లను ఖాళీ చేయించింది.

తండ్రి నుంచి కొడుక్కి దక్కుతూ వచ్చి, ఏళ్ల తరబడి ఆగిన వారసత్వ ఉద్యోగాలను మళ్లీ ఇస్తామని 2016లో ప్రకటించారు. 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. తర్వాత కారుణ్య నియామకాల పేరుతో దారి తెరుచుకుంది. కొత్తగూడెం ప్రధాన ఆస్పత్రిలో మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే, ఆ కార్మికుడి మీద ఆధారపడిన ఒకరికి ఉద్యోగం వస్తుంది. బోర్డు ముందు నిలబడే తండ్రులు తమ ఒంట్లో జబ్బు రుజువు కావాలనే మొక్కుకుంటారు. తేలేసరికి కొడుకు వయసు దాటిపోయిన ఇళ్లూ చాలా ఉన్నాయి. వాళ్ల కోసమే 2024లో వయోపరిమితిని 35 నుంచి 40 ఏళ్లకు పెంచారు.