స్నాతకోత్సవము

విద్యార్థులారా! మన యిండ్లలో పెండ్లికి ముందు వరునిచేత చేయించు స్నాతకమను తంతును మీలో కొందరు చూచియే యుందురు. గురుకులమున విద్య ముగించిన బ్రహ్మచారి మంగళస్నానము చేసి, నూతనవస్త్రములు ధరించి, గురువునొద్ద సెలవు గైకొని యింటికి మరలుట పూర్వకాలపు ఆచారము. దానినే సమావర్తనమనిరి. అట్లు స్నానమాడినవాడు స్నాతకుడు. నేడు విశ్వవిద్యాలయములలో చదువు పూర్తిచేసినవారికి పట్టములొసగు సభకు స్నాతకోత్సవమను పేరు ఇందుండియే వచ్చినది. స్నానము పోయినది, పేరు మాత్రము నిలిచినది.

ఇటీవల మా చెల్లెలి మనుమరాలు ఆంధ్ర విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రములో ఎం.ఎస్‌సి. పట్టము పొందినది. ఆ యుత్సవమునకు అతిథిగా పోవు భాగ్యము నాకు కలిగినది. అచ్చట నేను చూచిన విషయములను, నా చెల్లెలడిగిన ప్రశ్నలకు నేను చెప్పిన సమాధానములను మీకు తెలుపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మనుమరాలికి ఇద్దరతిథులకు మాత్రమే ప్రవేశపత్రములు లభించెను. ఆమె తల్లిదండ్రులు ఆ రెండింటిని మా యిద్దరికిచ్చి, తాము వెలుపలనే నిలిచెదమనిరి. కాని నా చెల్లెలు రానన్నది. “అన్నయ్యా! నేను అయిదవ తరగతితో బడి మానినదానను. అంతటి సభలో నాకేమి పని? నీవు పోయి రమ్ము” అన్నది.

ఆమె మాట నా గుండెకు తగిలినది. మా యూరిబడి అయిదవ తరగతితో ముగియును. పైతరగతులకు ఏరు దాటి ఆరు కిలోమీటర్లు నడువవలెను. నా చెల్లెలు నాకంటె చురుకైనదని మా పంతులుగారు మా తండ్రిగారితో రెండుసార్లు చెప్పిరి. అయినను ఆడపిల్లను ఏరు దాటించుటకు ఆయన మనసొప్పలేదు. ఆమె పోవలసిన దారిని నేనొక్కడనే నడిచితిని. దానిని నేను ఏబదియేండ్లుగా మరువలేదు.

మనుమరాలు మాత్రము పట్టు విడువలేదు. “అమ్మమ్మా! నీ గేదెల పాలడబ్బుతో నేను ఫీజులు కట్టినాను. నీవు రానిచో నీ కుర్చీ ఖాళీగానే యుండును కాని, మరియొకరిని అందులో కూర్చుండనీయను” అన్నది. అంతట నా చెల్లెలు బయలుదేరినది.

విశాఖపట్టణమున రైలు దిగి, వాల్తేరు మెట్టపై నున్న విశ్వవిద్యాలయమునకు చేరితిమి. ఆ విద్యాసంస్థ 1926వ సంవత్సరమున స్థాపింపబడినది. మొదట బెజవాడలో నుండి, 1930లో వాల్తేరునకు తరలివచ్చినది. దాని మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. అంతకు పూర్వము కోస్తా, రాయలసీమ జిల్లాల విద్యార్థులు 1857లో నెలకొనిన మదరాసు విశ్వవిద్యాలయపు పట్టములనే పొందుచుండిరి. తెలంగాణమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడి, తొలినాళ్లలో ఉర్దూభాషలో ఉన్నతవిద్య గరపినది. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పవచ్చునని నిరూపించినది ఆ సంస్థయే.

సభాభవనమున ప్రవేశించినంతనే నా చెల్లెలి మొదటి ప్రశ్న: “ఈ యుక్కలో పిల్లలందరు నల్లని నిలువుటంగీలు తొడిగినారేమి?”

ఆ వేషము మనది కాదు. మధ్యయుగమున ఐరోపాఖండములోని బొలోన్యా, పారిసు, ఆక్స్‌ఫర్డు మొదలగు పట్టణములలో విశ్వవిద్యాలయములు వెలసినవి. ఆనాటి పండితులలో పెక్కుమంది క్రైస్తవ మతాచార్యవర్గమునకు చేరినవారు. వారు నిలువుటంగీలు ధరించుట వాడుక. పైగా ఆ దేశములు శీతలములు. రాతిభవనములలో చలి కాచుకొను సదుపాయములు తక్కువ. కావున అంగీ, దానితోపాటు తలను కప్పు ముసుగు అవసరములైనవి. కాలక్రమమున ఆ ముసుగు మెడనుండి వీపుపైకి వ్రేలాడు రంగుపట్టీగా మారినది. ఆ రంగును బట్టి విద్యార్థి ఏ శాస్త్రము చదివినదియు పలుచోట్ల తెలిసికొనవచ్చును. ఆంగ్లేయుల పాలనలో ఈ వేషము మన దేశమునకు వచ్చినది. మన యెండలకు మన వస్త్రములే తగునని తలచి, విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2019లో ఇట్టి యుత్సవములందు చేనేత వస్త్రములు వాడుడని విశ్వవిద్యాలయములను కోరినది. ఇప్పుడు కొన్నిచోట్ల అంగీకి మారుగా నేతకండువాలు కానవచ్చుచున్నవి.

ఇంతలో వాద్యములు మ్రోగినవి. సభ యంతయు లేచి నిలిచినది. ఆచార్యులు, పాలకమండలి సభ్యులు, ఉపకులపతి, కులపతి వరుసగా వేదికకు నడచివచ్చిరి. రాష్ట్ర గవర్నరే ఈ విశ్వవిద్యాలయమునకు కులపతి. ఉపకులపతి సంస్థను నిత్యము నడుపు నాయకుడు. ప్రార్థన జరిగిన పిమ్మట కులపతి సభ ప్రారంభమైనదని ప్రకటించెను. ఉపకులపతి సంవత్సరమున జరిగిన పనులను నివేదించెను.

తరువాత ఒక్కొక్క శాఖ పెద్ద లేచి, తన విద్యార్థులు పరీక్షింపబడి యోగ్యులుగా తేలినారని చెప్పి, వారికి పట్టములొసగుడని అర్థించును. కులపతి అనుమతించును. ఈ తంతులో గొప్ప నీతి కలదు. గురువు సాక్ష్యము చెప్పనిదే పట్టము రాదు. విద్యార్థి తనంతట తాను “నేను పండితుడను” అని చెప్పుకొన్నచో చెల్లదు.

“పట్టమన్న రాజులకు కట్టునదే గదా?” అని నా చెల్లెలడిగినది. ఆమె యూహ సరియైనదే. పట్టమనగా పూర్వము నొసట కట్టు పట్టిక. దానిని బట్టియే పట్టాభిషేకమను మాట వచ్చినది. విద్యచే అట్టి గౌరవమందినవారు పట్టభద్రులు. ఆంగ్లమున దీనిని డిగ్రీ యందురు. లాటిను భాషలో మెట్టు అను నర్థముగల మాటనుండి అది పుట్టినది. మన మాట గౌరవమును తెలుపును. వారి మాట ఇంకను ఎక్కవలసిన మెట్లున్నవని గుర్తుచేయును. రెండర్థములును విద్యార్థికి కావలసినవే.

పట్టములు పుచ్చుకొనువారి వరుసలో బాలికలు పెక్కురుండిరి. వారిని చూచి నా చెల్లెలు మౌనముగా వ్రేళ్లు మడచి లెక్కింపసాగినది. అప్పుడు నేనామెకు పూర్వకథ చెప్పితిని. 1858లో కలకత్తా విశ్వవిద్యాలయమున తొలిసారి బి.ఏ. పట్టమునకు అర్హులైనవారు ఇద్దరే. వారు బంకించంద్ర చటోపాధ్యాయ, యదునాథ బోసు. ఆ విశ్వవిద్యాలయమున స్త్రీలు పట్టభద్రులగుటకు మరి యిరువదియైదేండ్లు పట్టినది. 1883లో చంద్రముఖీ బసు, కాదంబినీ బసు అనువారు ఆ గౌరవమందిరి. కాదంబిని తరువాత వైద్యవిద్య నేర్చి వైద్యురాలైనది. ఇంగ్లండులో ఎంతో ప్రసిద్ధిగన్న కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము స్త్రీలకు పురుషులతో సమానముగా పట్టములొసగినది 1948లోనే. ఇది విని నా చెల్లెలు, “అయినచో మన నాయన ఒక్కడే కాదన్నమాట” అని మెల్లగా పలికినది. నేను బదులు చెప్పలేకపోతిని.

మనుమరాలి పేరు పిలిచిరి. ఆమె వేదిక నెక్కి, వంగి నమస్కరించి, పట్టా నందుకొని దిగినది. అంతయు నిమిషమైనను పట్టలేదు. ఆ నిమిషముకొరకు ఒక పిల్ల పదునేడేండ్లు చదివినది. ఒక వృద్ధురాలు వేకువజామున లేచి పాలు పితికినది.

పిమ్మట ముఖ్యాతిథి స్నాతకోపన్యాసమిచ్చెను. విద్య ముగిసి పోవుచున్న శిష్యునికి గురువు చేయు హితోపదేశము తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి యందు కలదు. సత్యము తప్పరాదనియు, చదువు మానరాదనియు, తల్లిదండ్రులను, గురువును, అతిథిని దేవతలుగా తలపవలెననియు దాని సారము. నేటి స్నాతకోపన్యాసము ఆ సంప్రదాయమునకే చెందినది.

ఇట్టి సభలలో ఆయా రంగములందు గొప్ప సేవ చేసినవారికి గౌరవపట్టములు కూడ ఒసగుట కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమొసగు “కళాప్రపూర్ణ” అట్టిదే. కులవివక్ష వలన బాల్యమునుండి అవమానములు సహించిన మహాకవి గుఱ్ఱం జాషువాగారు 1970లో ఆ బిరుదు నందిరి.

సభకు రాలేనివారు పరోక్షముగా పట్టము పొందవచ్చును. దాని విలువ ఏ మాత్రము తగ్గదు. నేనును అట్లే పొందితిని. ఉద్యోగము చేయుచు బి.ఏ. పరీక్ష నిచ్చి, రైలుఖర్చు, అద్దె అంగీ ఖర్చు దండుగయని తలచి సభకు పోలేదు. నా పట్టా తపాలాలో వచ్చినది. ఆనాడు నాన్నగారు పొలమున నుండిరి. సాయంకాలము ఆయన వచ్చి, “మంచిది, పెట్టెలో పెట్టుము” అనిరి. ఆయనను ఒక సభలో కూర్చుండబెట్టి ఆనందింపజేయు అవకాశమును నేను పోగొట్టుకొంటినని ఇప్పుడు తెలిసినది.

బాలబాలికలారా! ఇట్టి సభకు మీరు అతిథులుగా పోవునపుడు కొన్ని నియమములు పాటింపుడు. వేళకు ముందే చేరుడు. మీవాని పేరు పిలిచినపుడు సంతోషము తెలుపుడు. తరువాతివాని పేరు వినబడకుండునట్లు కేకలు వేయకుడు. మీవాని వంతు ముగియగనే లేచిపోకుడు. ప్రతి పేరునకును వెనుక ఒక యింటి కష్టము కలదు. చివరి పేరు వరకు కూర్చుండుట ఆ కష్టమునకు మనము చేయు మర్యాద.

సభ ముగిసిన పిదప మనుమరాలు వెలుపలికి వచ్చి పట్టాను అమ్మమ్మ చేతికిచ్చినది. నా చెల్లెలు ముందుగా తన చేతులను కొంగుతో తుడుచుకొని, ఆ పిమ్మట దానినందుకొన్నది. చాలసేపు చూచి, “చదివి చెప్పుము అన్నయ్యా, ఒక్క మాటయు విడువవద్దు” అన్నది. నేను మొదటినుండి చివరివరకు చదివి అర్థము చెప్పితిని.

మీలో ప్రతివారి యింటను బడికి పోలేకపోయిన వారొకరైన నుందురు. మీరు పట్టభద్రులైన దినమున తొలి ప్రవేశపత్రము వారికిండు.