చిన్న మెమరీలో అంత పెద్ద పదాల జాబితా ఎలా పడుతుంది?

టైప్ చేస్తుండగానే తప్పు మాట కింద ఎర్రగీత పడుతుంది. అంటే ఎడిటర్ ప్రతి మాటనూ తన జాబితాలో వెతుకుతోందన్నమాట. మరి ఆ జాబితా మెమరీని మింగేయదా?

1970లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్పెల్లింగ్ తప్పులు పట్టే ప్రోగ్రామ్ రాస్తున్న డగ్ మెకిల్‌రాయ్‌కి ఇదే చిక్కు. పీడీపీ-11 కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ డేటాకు దక్కేది 64 కిలోబైట్లే. ఇంగ్లిష్ మాటలేమో 30,000! ఆయన ముందు మాటల తోకలు కత్తిరించారు: 'వాక్' ఉంటే 'వాకింగ్' విడిగా అక్కర్లేదు. తర్వాత అక్షరాలనే వదిలేశారు. ఒక్కో మాటనూ 27 బిట్ల సంఖ్యగా మార్చి, సంఖ్యలను వరుసగా పేర్చి, పక్కపక్క వాటి మధ్య తేడాలను మాత్రమే దాచారు. మాటకు సుమారు 14 బిట్లు సరిపోయాయి. రెండు ఇంగ్లిష్ అక్షరాలకు పట్టే చోటు కంటే అది తక్కువే! నాలుగు వేల తప్పుల్లో ఏ ఒక్కటో సరైన మాట సంఖ్యతో కలిసిపోయి తప్పించుకుంటుంది. బేరం లాభమే కదా.

తోకలు కత్తిరించే పనిలో హన్‌స్పెల్ ఇంకా ఘటికురాలు. హంగేరియన్ భాష కోసం పుట్టిన ఈ ప్రోగ్రామ్‌ను లిబ్రెఆఫీస్ వాడుతోంది. మన 'పుస్తకం' చూడండి: పుస్తకాలు, పుస్తకానికి, పుస్తకాల్లోంచి... అన్నీ విడివిడిగా రాస్తే జాబితా చేంతాడంత అవుతుంది. అసలు మాట ఒక్కటి రాసి, పక్కన ఏ తోకలు అతుకుతాయో గుర్తులు పెడితే చాలు.