బార్జెల్లో క్విల్టు

బార్జెల్లో క్విల్టు అనేది అతుకుల దుప్పట్లలో ఒక రకం. రంగురంగుల బట్ట పట్టీలను కలిపి కుట్టి, వాటిని అడ్డంగా కోసి, ఒక్కో వరుసను కొంచెం పైకి గానీ కిందికి గానీ జరిపి మళ్ళీ కలపడం ద్వారా దీనిని తయారుచేస్తారు. పూర్తయిన దుప్పటిపై అలలు, మంటలు, కొండల వరుసల వంటి వంపు ఆకారాలు కనిపిస్తాయి. అయితే ఇందులో వంపుగా కోసిన ముక్క గానీ, వంపుగా వేసిన అతుకు గానీ ఒక్కటి కూడా ఉండదు. అందువలన తిన్నగా కోయడం, తిన్నగా కుట్టడం తెలిసినవారెవరైనా దీనిని చేయవచ్చు. దీనిలోని అసలు కష్టం కొలతల ఖచ్చితత్వంలోనూ, వరుసక్రమం తప్పకుండా చూసుకోవడంలోనూ ఉంది.

పేరు, చరిత్ర

ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో బార్జెల్లో అనే పురాతన భవనం ఉంది. దీని నిర్మాణం 1255లో మొదలైంది. ఒకప్పుడు చెరసాలగా ఉపయోగపడిన ఈ భవనం 1865లో జాతీయ మ్యూజియం అయింది. ఇక్కడి కుర్చీలపై మంటల ఆకారంలో ఉన్న ఎంబ్రాయిడరీ కారణంగా ఆ రకం కుట్టుపనికి బార్జెల్లో అనే పేరు వచ్చింది. ఆ పనిలో గళ్ళ కాన్వాసుపై ఉన్ని దారంతో నిలువు కుట్లు వేస్తూ, కుట్లను మెట్లు మెట్లుగా పైకి లేదా కిందికి జరుపుతారు. బార్జెల్లో క్విల్టులో ఇదే సూత్రాన్ని దారానికి బదులు బట్టముక్కలతో అమలుచేస్తారు.

పట్టీలను కలిపి కుట్టి, అడ్డంగా కోసి, జరిపి అతికే పద్ధతి బార్జెల్లోకు మాత్రమే పరిమితం కాదు. అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన సెమినోల్ తెగ స్త్రీలు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే కుట్టుమిషన్లపై ఇటువంటి పనితో దుస్తులు తయారుచేశారు. జపానుకు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో గుండ్రని బ్లేడు గల రోటరీ కట్టరును రూపొందించింది. దీనితో అనేక పట్టీలను ఒకే కొలతకు త్వరగా కోయడం సాధ్యమైంది.

తెలుగువారు పాత చీరలతో కుట్టే బొంతలో కూడా బట్ట పొరలను కలిపి కుడతారు. కానీ బొంతలో దొరికిన ముక్కను దొరికినట్లు వాడుకోవచ్చు. బార్జెల్లోలో ప్రతి ముక్కకూ నిర్ణీతమైన కొలత, స్థానం ఉంటాయి.

తయారీ విధానం

ఉదాహరణకు 20 రకాల నూలు బట్టలను తీసుకుంటే, వాటిని లేత రంగు నుండి ముదురు రంగుకు వరుసగా పేర్చి అంకెలు వేస్తారు. ఒక్కొక్క బట్ట నుండి 2½ అంగుళాల వెడల్పు గల పట్టీని కోస్తారు. ఇరువైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోగా 2 అంగుళాలు పైకి కనిపిస్తాయి. ఈ పట్టీలను వరుసగా కలిపితే చారల బట్ట తయారవుతుంది. దాని మొదటి పట్టీని చివరి పట్టీతో కలిపి కుడితే అది గొట్టంలా మారుతుంది.

తరువాత ఈ గొట్టాన్ని వేర్వేరు వెడల్పులలో అడ్డంగా కోసి వలయాలుగా చేస్తారు. ఒక వలయాన్ని ఒక అతుకు వద్ద, తరువాతి వలయాన్ని దాని పక్క అతుకు వద్ద విప్పుతారు. అప్పుడు రెండో వరుసలోని రంగులన్నీ ఒక మెట్టు పైకి లేదా కిందికి జరుగుతాయి. మెట్టు ఎత్తు ఎప్పుడూ ఒకటే. వరుస సన్నగా ఉంటే గీత నిటారుగా లేచినట్లు, వెడల్పుగా ఉంటే మెల్లగా వాలినట్లు కనిపిస్తుంది. వెడల్పును క్రమంగా మార్చడం వల్లనే వంపు ఉన్నట్లు భ్రమ కలుగుతుంది.

కష్టం ఎక్కడ ఉంది

కుట్టు కొలత: ఒక్కో కుట్టులో 1 మిల్లీమీటరు బట్ట ఎక్కువగా పోతే, రెండు వైపులా కలిపి 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 20 కుట్లకు ఇది 4 సెంటీమీటర్లు అవుతుంది. అన్ని కుట్లలోనూ తేడా ఒకేలా ఉంటే దుప్పటి కొంచెం చిన్నదవుతుంది తప్ప నష్టం లేదు. కానీ పెద్ద దుప్పటికి ఇటువంటి గొట్టాలు రెండు మూడు కావాలి. ఒకదానిలో ఒక కొలత, మరొకదానిలో వేరొక కొలత వస్తే వాటి వరుసలు ఒకదానితో ఒకటి కలవవు. ఒకసారి కోసిన బట్టను తిరిగి సరిచేయడం కూడా కష్టం.

పట్టీలు వంగడం: పట్టీలన్నిటినీ ఒకే దిశలో కుట్టుకుంటూ పోతే చారల బట్ట విల్లులా వంగే అవకాశం ఉంది. అందుకే ఒక కుట్టును ఒక చివర నుండి, తరువాతి దానిని రెండో చివర నుండి మొదలుపెడతారు.

అతుకులు కలవడం: చారల బట్టకు ఇస్త్రీ చేసేటప్పుడు కుట్టు వెనుకనున్న మడతలను ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చేలా మారుస్తూ పోవాలి. అప్పుడు పక్కపక్క వరుసల మడతలు ఎదురెదురుగా వచ్చి, అతుకులు ఒకదానికొకటి సరిగ్గా ఆనుకుంటాయి. బట్టల సంఖ్య సరిసంఖ్య అయితే గొట్టం చుట్టూ ఈ క్రమం తప్పదు.

వరుసక్రమం: ఒక వలయాన్ని పొరపాటున వేరొక అతుకు వద్ద విప్పితే, దుప్పటి మధ్యలో అల తెగినట్లు కనిపిస్తుంది. పటాన్ని ముందుగా కాగితంపై గీసుకుని, ప్రతి వరుసకూ అంకె వేసుకోవడం దీనికి పరిష్కారం.

రంగుల ఎంపిక: పక్కపక్క బట్టల మధ్య లేత-ముదురు తేడా తగినంత లేకపోతే వంపు కనిపించదు. బట్టలను పేర్చి నలుపు-తెలుపు ఫొటో తీసి చూస్తే ఈ లోపం ముందే తెలుస్తుంది.

బట్ట ఖర్చు: 1 అంగుళం వెడల్పుతో కోసిన వరుసలో అర అంగుళమే పైకి కనిపిస్తుంది, మిగిలిన సగం కుట్టులోకి పోతుంది. అందువలన నిటారు అలలు ఎక్కువగా ఉన్న దుప్పటికి బట్ట ఎక్కువ పడుతుంది, బరువూ పెరుగుతుంది. వెనుక అతుకులు దట్టంగా ఉండటం వలన దూది పొర, అస్తరు చేర్చి చేతితో కుట్టడం శ్రమతో కూడుకున్న పని. అందుచేత ఈ దశకు చాలామంది మిషనునే వాడతారు.

కొత్తవారికి అనుకూలత

ఐమూలగా కోసిన బట్ట సులభంగా సాగుతుంది. బార్జెల్లోలో కోతలన్నీ పడుగు పేకల వెంటే సాగుతాయి కనుక ఆ ఇబ్బంది తక్కువ. డబుల్ వెడ్డింగ్ రింగ్ వంటి నమూనాలలో నిజంగానే వంపుగా కోసి, వంపుగా కుట్టవలసి ఉంటుంది. ఇక్కడ ఆ అవసరం లేదు. కొత్తవారు ఒకే గొట్టంతో పూర్తయ్యే చిన్న గోడ వేలాడదీతతో, 2 అంగుళాలకు తగ్గని వరుసలతో మొదలుపెట్టడం మంచిది. గొట్టం ఒక్కటే కాబట్టి కుట్టు కొలతలో కొద్దిపాటి తేడా వచ్చినా అన్ని వరుసలకూ దాదాపు ఒకేలా వర్తిస్తుంది, పని పాడవదు.